పెనుకొండలో వీడిన సంకెల

హిందూపురము నుండి ధర్మవరమునకు పోవు రైలుమార్గమున ప్రయాణించు భక్తులకు నడుదారిలో పెనుకొండ కానవచ్చును. పేరునకు తగిన పెద్దకొండ. దానిపై శిథిలమైన ప్రాకారములును, క్రింద ఊరిలో పురాతన దేవాలయములును, రాజమందిరముల ఆనవాళ్లును నేటికిని నిలిచియున్నవి. మొదటి బుక్కరాయల కాలమున, అనగా 14వ శతాబ్దిలో, ఈ దుర్గము విజయనగర ప్రభువులకు ముఖ్యస్థానమయ్యెను. 1565లో జరిగిన తళ్లికోట యుద్ధము పిమ్మట హంపీ నగరము పాడుపడగా తిరుమలదేవరాయలు సింహాసనమును ఇచ్చటికే తరలించెను. కదిరి నృసింహస్వామిని సేవించి వచ్చువారును, లేపాక్షికి పోవువారును ఈ కొండను చూచి చేయెత్తి నమస్కరించుట కలదు.

ఈ కొండ ఎందరో రాజులను చూచినది. వారి పేర్లు శిలాశాసనములలో మిగిలినవి. కాని వైష్ణవ గృహములలో పెనుకొండ యనగానే తలపునకు వచ్చునది ఒక రాజు వైభవము గాదు. ఒక బందీ చరితము. ఆ బందీ చేసిన అపరాధము విచిత్రమైనది. అతడు దొంగిలింపలేదు, ద్రోహము తలపెట్టలేదు, పన్ను ఎగవేయలేదు. రాజుపై పాట కట్టుమనిన కట్టలేకపోయెను. వేలకొలది పాటలు కట్టినవానికి మరియొక పాట కట్టుట ఎందుకు సాధ్యము కాలేదు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో తాళ్లపాక అన్నమాచార్యుల జీవితసారము తెలిసినట్లే.

అన్నమయ్య పుట్టినది కడప సీమలో రాజంపేటకు సమీపముననున్న తాళ్లపాక. ఆ యూరి చెన్నకేశవుడు వారి ఇలవేల్పు. నందవరీక బ్రాహ్మణ కుటుంబము. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఆయన జననము 1408వ సంవత్సరము వైశాఖమాసమున విశాఖా నక్షత్రమందని పెద్దల నిర్ణయము. ఆయన మనుమడు చిన్నన్న అను తిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన చరిత్రమే ఆ మహనీయుని జీవితమునకు మనకు ప్రధానాధారము.

ఆ చరిత్రమున అన్నమయ్య కథకు ముందు ఆయన తాతగారి కథ యొకటి కలదు. అది ఊరక చెప్పినది కాదు. తాత నారాయణయ్య చిన్ననాట మందబుద్ధి. తండ్రి ఆతనిని చదువునకై ఊటుకూరిలోని బంధువుల యింటికి పంపెను. ఎన్ని విధముల బోధించినను అక్షరము పట్టుపడలేదు. ఒజ్జలు దండించిరి, తోడివారు నవ్విరి. అవమానము భరింపలేక ఆ బాలుడు చింతలమ్మ గుడికడనున్న పాముపుట్టలో చేయిపెట్టి ప్రాణము విడువబూనెను. అప్పుడా దేవత ప్రత్యక్షమై వారించి, తాళ్లపాక కేశవుని కృపచే విద్య లభించుననియు, మూడవ తరమున ఆ వంశమందు పరమభాగవతుడొకడు జన్మించుననియు చెప్పెను. బాలుడు మరలివచ్చి కేశవుని శరణు పొందెను. అంతవరకు మూసికొనియున్న బుద్ధి విచ్చుకొనెను.

బెత్తపు దెబ్బలకు రాని విద్య శరణాగతికి వచ్చినది. చదువు అనవసరమని దీని భావము కాదు. చదువునకు వెనుక మరియొక ఊట కలదనియు, అది తెరచుకొననిచో చదువు సయితము లోనికి ప్రవేశింపదనియు భావము. మూడవ తరమున ఆ ఊటయే ఏరై పారెను.

అన్నమయ్య బాల్యమునుండియు పాటయే ఊపిరిగా పెరిగెను. ఇంటిపనులయందు మనసు నిలువదు. ఏదో ఒక రాగము, ఏదో ఒక హరినామము నోట నాడుచుండును. ఉమ్మడి కుటుంబమున ఇది సహింపరాని విషయమే కదా! ఇంటివారు మందలించి ఒకనాడు పశువులకు పచ్చిక కోసి తెమ్మని పంపిరి. కొడవలి చిటికెనవ్రేలికి తగిలి నెత్తురు కారెను. ఆ బాధలో ఎవరు తనవారు, ఎవరు కారు అను చింత ఆతనికి పుట్టెను. అదే సమయమున తిరుమలకు పోవు యాత్రికుల గుంపు పాడుచు ఆడుచు ఆ దారిని వచ్చుచుండెను. ఎవరితోను చెప్పక బాలుడు వారి వెంట నడచెను.

కొండ ఎక్కుచు మోకాళ్లపర్వతము చేరునప్పటికి ఆకలిచే సొమ్మసిల్లి వెదురుపొద క్రింద పడియుండెను. కాళ్లకు చెప్పులు ఉండెను. అప్పుడు అలమేలుమంగ పెద్దముత్తైదువ రూపున వచ్చి, ఆ కొండ యంతయు సాలగ్రామమయమనియు, పాదరక్షలు విడిచి చూడుమనియు చెప్పి ప్రసాదము పెట్టి ఆకలి తీర్చెను. చెప్పులు విడిచి చూచినంతనే ఇంతకుముందు రాళ్లుగా తోచినవి దివ్యముగా తోచెను. కొండ మారలేదు, చూచు కన్ను మారినది. ఆ క్షణముననే అమ్మవారిపై శతకము ఆశువుగా వెలువడెనని చిన్నన్న చెప్పుచున్నాడు. అన్నమయ్య కవిత్వమునకు ఇది ఆరంభము. మొదట దర్శనము, పిమ్మట పదము. ఈ క్రమము ఆయన జీవితమున ఎన్నడును తలక్రిందులు కాలేదు.

తిరుమలలో ఘనవిష్ణువు అను వైష్ణవయతి స్వామి ఆజ్ఞచే ఆ బాలునకు పంచసంస్కారములు చేసెను. వెదకుచు వచ్చిన తల్లి వెంట గురువు అనుమతితో ఇల్లు చేరెను. కాలక్రమమున తిరుమలమ్మ, అక్కలమ్మ అను ఇరువురు కన్యలతో వివాహమయ్యెను. ఈ తిరుమలమ్మయే సుభద్రాకల్యాణము రచించిన తిమ్మక్క. తెలుగున తొలి కవయిత్రిగా ఆమెను పలువురు గౌరవింతురు. గృహస్థుడైన పిమ్మట అన్నమయ్య అహోబిలమునకు పోయి, అహోబిల మఠస్థాపకులైన ఆదివన్ శఠకోపయతీంద్రుల సన్నిధిని వేదాంతశాస్త్రము నభ్యసించెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. అన్నమయ్య శాస్త్రమును త్రోసివేసిన భావావేశపరుడు కాడు. శ్రీభాష్య సంప్రదాయమును గురుముఖముగా విన్నవాడు. సంస్కృతమున సంకీర్తనలక్షణ గ్రంథమును రచించినవాడు. ఆ మూలము నేడు లభింపదు. మనుమడు చినతిరుమలాచార్యుడు చేసిన తెలుగుసేత మాత్రము మిగిలినది. పాటకు పల్లవి యెట్లుండవలెను, చరణము లెట్లు నడువవలెను అను నియమములు ఆయన ఎరిగినంతగా మరియొకరు ఎరుగరు. అయినను ఆ నియమములనుండియే పాట పుట్టునని ఆయన ఎన్నడును భ్రమపడలేదు.

కావ్యము దేనివలన పుట్టును అను విచారము మన ఆలంకారికులు మిక్కిలి లోతుగా చేసిరి. 11వ శతాబ్దిలో కాశ్మీరమున మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును కలసి కావ్యమునకు హేతువనెను. 17వ శతాబ్దిలో మన తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు ప్రతిభ యొక్కటియే కారణమని నిలబెట్టెను. ఆ ప్రతిభ కొందరికి వ్యుత్పత్త్యభ్యాసములచే కలుగును. మరికొందరికి దేవతానుగ్రహము మొదలగు అదృష్టముచే కలుగును. ఎట్లు కలిగినను అది తర్కముచే సాధింపబడునది కాదు. తర్కము ఉన్నదానిని పరీక్షించును. ప్రతిభ లేనిదానిని ఉన్నదిగా చేయును. తర్కము ద్వారపాలకుని వంటిది. లోనికి వచ్చువారిని నిలిపి విచారింపగలదు గాని ఇంటిలో బిడ్డను పుట్టింపలేదు.

ఛాందోగ్యమున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశమున నామము కంటె వాక్కును, వాక్కు కంటె మనస్సును, మనస్సు కంటె సంకల్పమును అధికములని క్రమముగా చెప్పెను. వేదాంతములందు పరమాత్మ సత్యసంకల్పుడు. ఆయన తలచుటయే సృష్టి. జీవుడు ఆ పరమాత్మకు శేషభూతుడు కావున కవి మనసున మెదలు సంకల్పము ఆ మహాసంకల్పమునుండి జారిన చిన్న తుంపర యని వైష్ణవులు భావించుట యుక్తమే. క్రౌంచపక్షి శోకమునకు కరగిన వాల్మీకి నోట శ్లోకము వెలువడినప్పుడు ఆ మహర్షియే ఆశ్చర్యపడెను కదా. తాను తలపెట్టనిది తన నోట వచ్చినది. పిమ్మట చతుర్ముఖుడు వచ్చి అది తన ఇచ్ఛచేతనే జరిగినదని తెలిపెను.

అన్నమయ్యకును అట్టి ఆజ్ఞయే లభించెను. పదునారవ యేట స్వామి ప్రత్యక్షమై సంకీర్తన చేయుమని ఆనతిచ్చినట్లు తిరుమల రాగిరేకులయందు వ్రాయబడియున్నది. ఆ రేకుల లెక్క ప్రకారము 1424లో మొదలైన ఆ గానము 1503 వరకు సాగెను. చిన్నన్న చెప్పిన సంకీర్తనల సంఖ్య 32,000. డెబ్బది యెనిమిది ఏండ్లకు పైబడిన కాలమునకు ఆ సంఖ్యను పంచి చూచినచో దినమునకు ఒకటికి మించియే వచ్చును. జ్వరము వచ్చిన దినము, ప్రయాణపు దినము, ఇంట శుభాశుభములు జరిగిన దినము కలసియే ఆ లెక్క. బుద్ధితో కూర్చుండి విషయములు వెదకుకొనువానికి ఇది సాధ్యమగునా?

ఆయన కీర్తి నలుదిక్కుల వ్యాపించుచుండ తంగుటూరు పాలకుడైన సాళువ నరసింగరాజు అన్నమయ్యను గౌరవముతో తనకడకు రప్పించుకొనెను. ఇరువురికి మైత్రి కుదిరెను. నరసింగరాజు సామాన్యుడు కాడు. తరువాతి కాలమున, 1485లో, సంగమవంశము బలహీనమై రాజ్యము కూలిపోవుచుండగా విజయనగర సింహాసనమును చేపట్టి నిలబెట్టినవాడు. దైవభక్తి లేనివాడును కాడు. తిరుమలలో ఆయన చేసిన ధర్మములు శాసనములకెక్కినవి. కందాడై రామానుజయ్యంగారి పర్యవేక్షణమున రామానుజకూటములు నెలకొల్పి యాత్రికులకు అన్నప్రసాదము నేర్పాటు చేసిన ప్రభువు ఆయనయే. ఈ సంగతి మరచి ఆయనను హిరణ్యకశిపుని కోవలో చేర్చుట న్యాయము కాదు. భక్తుడైన రాజు ఎట్లు పొరబడెను అనుటయందే ఈ కథలోని హెచ్చరిక యున్నది.

అధికారము పెరిగిన కొలది రాజు పెనుకొండలో కొలువుదీరెను. పాత స్నేహమును మరువక అన్నమయ్యను అచ్చటికి పిలిపించెను. ఒకనాడు నిండుసభలో వేంకటేశ్వరునిపై చెప్పిన శృంగారపదము లాలింపవలెనని వేడుకపడెను. అన్నమయ్య తంబుర శ్రుతిచేసికొని పాడెను. ఆ పాట నేటికిని భక్తులు పాడుకొనుచునే యున్నారు. అమ్మవారి మోవిపై కనబడిన కస్తూరి మరకను చూచి, అది స్వామికి పంపదలచిన లేఖ యేమో యని ఆ పాటలో కవి సందేహపడును. కనుగొనలయందలి ఎరుపు చూచి, స్వామిపై నాటిన చూపులను మరల పెరుకునప్పుడు అంటిన నెత్తురేమో యనును.

తర్కమున కస్తూరి కస్తూరియే. మరక మరకయే. మంచిగంధమో కస్తూరియో అని నిర్ణయించుటతో బుద్ధి పని ముగియును. కాని అన్నమయ్య అచ్చట నిలువక, కంటికి కనబడని ఒక ప్రేమకథను ఆ చిన్న మచ్చలో చదివెను. ఆలంకారికులు దీనిని ఉత్ప్రేక్ష యందురు. పేరు పెట్టుట సులభము. చేసి చూపుట కష్టము. ఏలయన ఉత్ప్రేక్ష ఒక అబద్ధము కాదు. మచ్చ చిన్నది, దాని వెనుకనున్న అనురాగము పెద్దది, సత్యమైనది. ఆ సత్యము మాటలకందదు కావున కవి దానికి లేఖ యను రూపము కల్పించెను.

సభ పరవశించెను. రాజు మరల మరల పాడించుకొని ఆనందించెను. ఆ ఆనందము నడుమ ఒక కోరిక తలయెత్తెను. అట్టి పదమునే తనపై చెప్పుమని రాజు అన్నమయ్యను కోరెను.

ఆ కోరికకు యుక్తులు లేకపోలేదు. రాజునందు లోకపాలుర అంశలు కలవని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. కావున రాజస్తుతి దైవస్తుతికి దూరము కాదనవచ్చును. రాజు మిత్రుడు, పోషకుడు. మిత్రుని కోరిక తీర్చుట కృతజ్ఞత యనవచ్చును. క్రొత్త విద్య యేదియు చూపనక్కరలేదు; ఉన్న రాగము, ఉన్న తాళము, ఉన్న అలంకారము చాలును, నాయకుని పేరు మార్చిన సరిపోవుననవచ్చును. ఒక్కొక్క మెట్టు గట్టిగానే తోచును. కాని మెట్లన్నియు ఎక్కి చూచిన పైన ఇల్లు లేదు. నేర్పు ఉన్నచోటనెల్ల పాట ఉండునను వ్యాప్తిని ఆ యుక్తులు ముందే సిద్ధమని భావించినవి. అందే హేతువు చెడినది.

ఈ సీమవారికి ఇది సులభముగా బోధపడును. ధర్మవరపు మగ్గముమీద పట్టుచీర నేయు కళాకారునకు పడుగు కలదు, పేక కలదు, చేతినేర్పు కలదు. ఇవి కొనుటకు లభించును. కాని దారము మగ్గమున కెక్కకముందే అంచున ఏ పువ్వు పూయవలెనో, ఏ రంగు ప్రక్కన ఏ రంగు వెలుగునో ఆతని మనసున కనబడవలెను. లేపాక్షి కప్పుపై వటపత్రశాయిని చిత్రించిన శిల్పికి గోడయు రంగులును అందరికి ఉన్నవే. ఏ వైపు నిలిచినను బాలకృష్ణుడు తన వంకనే చూచుచున్నట్లు యాత్రికునకు తోచుట ఆ రంగుల గుణము కాదు. రంగు పూయకముందే ఆ చూపును చూచిన మనసు యొక్క గుణము. చేతిని ఆజ్ఞాపింపవచ్చును. చూపును ఆజ్ఞాపింపరాదు.

అన్నమయ్య చెవులు మూసికొని హరినామము స్మరించెను. హరిని పొగడు నోట నరుని అట్లు పొగడజాలనని చెప్పెను. రాజును ద్వేషించి కాదు. ఆ రాజు ఆతిథ్యమును ఆయన గౌరవముతోనే స్వీకరించెను, ఆయన క్షేమమునే కోరెను. ఒక్కటి మాత్రము ఆయన ఇయ్యలేకపోయెను. అలమేలుమంగ మోవిపై లేఖను ఆయన చూచెను, కావున పాడెను. రాజాంతఃపురమున అట్టిది ఆయనకు కనబడలేదు. కనబడనిదానిని కనబడినట్లు చెప్పుటకు పాండిత్యము చాలును; కాని అది పాట కాదు, పాట వేసికొన్న వేషము. ఒక్కసారి ఆ వేషము వేసినచో మరునాడు స్వామి యెదుట నిలిచినప్పుడు తన నోట వచ్చునది నిజమో వేషమో తనకే తెలియకపోవును. ఆయన భయపడినది కారాగారమునకు కాదు, ఆ అయోమయమునకు.

నిండుసభలో తిరస్కారము పొందిన రాజునకు కోపము వచ్చెను. మైత్రి మరచెను. మూరురాయర గండ యను బిరుదుగల సంకెలను అన్నమయ్యకు తగిలించి చెరలో నుంచుడని ఆజ్ఞాపించెను. శత్రురాజుల గర్వమడచుటకు చేసిన సంకెల అది. పచ్చికకోత కొడవలిచే వ్రేలు తెగిన దినమున బయలుదేరిన బాలుడు, జీవితమున ఇంత దూరము వచ్చి మరల ఒంటరివాడయ్యెను. ఆనాడు బంధువులెవరని చింతించినవాడు ఈనాడు మిత్రుడెవడని చింతింపవలసి వచ్చెను.

చెరలో ఆయన తర్కింపలేదు. రాజునకు విన్నపము పంపలేదు. ఒప్పుకొని విడుదలయై పిమ్మట ప్రాయశ్చిత్తము చేసికొందమను ఉపాయము తలపలేదు. పాడెను. ఆకలివేళను, అలసట వేళను, చెరసాలలో కట్టుబడియున్న వేళను ఎవరు దిక్కు అను ఆర్తితో స్వామిని పిలిచెను. సంకెల తనంత తానే వీడిపడెను. కావలివారు పరుగున పోయి రాజునకు నివేదించిరి. రాజు నమ్మలేదు, కావలివారు లంచము గొని విడిచిరని శంకించి తానే వచ్చెను. తన కన్నుల యెదుట మరల సంకెల వేయించి, ఇప్పుడు పాడి వదల్చుకొమ్మని ఎత్తిపొడిచెను. అన్నమయ్య మరల పాడెను. మరల సంకెల వీడెను. గర్వము సడలిన రాజు ఆయన పాదములపై వ్రాలి మన్నింపు వేడెను. పల్లకిలో నెక్కించి సత్కరించెను. అన్నమయ్య క్షమించెను. ఇది చిన్నన్న చెప్పిన కథ.

ఇనుము పాటకు వీడునా యని నేటి చదువరులలో కొందరికి సందేహము కలుగవచ్చును. భక్తులకు అది సందేహము కాదు. గజేంద్రుని పిలుపు విన్నవాడు ఈ పిలుపును వినకుండునా? అయినను సందేహించువారు మరియొక సంగతి యోచింతురు గాక. ఆ చెరలో సంకెలలు రెండు కలవు. ఒకటి అన్నమయ్య కాళ్లకు వేసినది. రెండవది రాజు మనసునకు పడినది. తాను మెచ్చినదెల్ల తన సొమ్ము కావలెనను తలంపే ఆ రెండవ సంకెల. సేనలు దానిని తెంపలేవు, యుక్తులు దానిని మరింత బిగించును. ఆ సంకెలయు ఆ పాటతోనే వీడినది. అధికారియైనవాడు నిండుమనసుతో తప్పు ఒప్పుకొనుట ఇనుము వీడుటకంటె తక్కువ ఆశ్చర్యమైనది కాదు.

ఆ శతాబ్దముననే బమ్మెర పోతనామాత్యుడు తన భాగవతమును రాజునకీయక శ్రీరామునకు సమర్పించెను. ఇరువురును ఒకే సత్యమును కనుగొనిరి. వచ్చినది ఎచ్చటినుండియో దానిని అచ్చటికే చేర్చవలెను. నది సముద్రమునకే పోవును గాని ఎవరి తొట్టిలోనో నిలువబోదు.

అటుపై అన్నమయ్య రాజాస్థానముల వంక మనసు పెట్టక స్వామిసన్నిధినే ఆశ్రయించెను. క్షేత్రములెన్నియో సేవించెను, కదిరి నృసింహునిపై ఆయన కీర్తన కలదు, అహోబిల నృసింహునిపై అనేకములు కలవు. ఏ యూరి దేవుని పాడినను ముద్ర మాత్రము వేంకటేశ్వరునిదే. ఆయన పాటలలో సంస్కృతసమాసములు కలవు, జానపదుల జాజరయు, జోలయు, దంపుళ్ల పాటయు కలవు. పండితుడు ఏది హీనమని త్రోయునో ఆ మాట కూడ ఆయన సంకల్పమున పడి పవిత్రమయ్యెను. 1503వ సంవత్సరము ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు ఆయన స్వామి సన్నిధి చేరెను.

కుమారుడు పెదతిరుమలాచార్యుడు ఆ కీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయముననే ప్రత్యేకమైన అరలో భద్రపరచెను. పిమ్మట కాలము మారెను. రేకులు చీకటిలో నుండెను, లోకము మరచెను. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి శాసనపరిశోధనమున అవి మరల వెలుగు చూచెను. రెండువేలకు పైబడిన ఆ రేకులనుండి సుమారు పన్నెండు వేలకు మించిన కీర్తనలు మనకు దక్కినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చిన్నన్న రచించిన చరిత్రమును కనుగొని 1949లో ప్రకటించిరి. పెనుకొండ కథ లోకమునకు మరల తెలిసినది ఆ పుణ్యముననే.

అయితే రేకులపై రాగము పేరు మాత్రమే కలదు; స్వరము లేదు. మాట మిగిలినది, పాట పోయినది. ఈ లోటు తీర్చుటకు పూనుకొన్న పెద్దలలో అగ్రగణ్యులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆయన 1893లో జన్మించినది ఈ సీమలోనే, అనంతపురము జిల్లా కంబదూరు సమీపమందలి రాళ్లపల్లి గ్రామమున. మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించి, పిమ్మట తిరుపతి చేరి రేకులను పరిష్కరించి, నూరునకు పైగా కీర్తనలకు స్వరరచన చేసిరి. సంగీతశాస్త్రము, సాహిత్యము రెండును ఎరిగినవారు. అయినను శాస్త్రము చూచి రాగలక్షణము తెలియవచ్చును గాని, ఐదువందల యేండ్ల క్రిందట ఆగిపోయిన గొంతు ఏ మలుపున ఎట్లు కదలునో శాస్త్రమున వ్రాసియుండదు. అది లోపల వినవలెను. వినెను గనుకనే నేడు మనము వినుచున్నాము. 1979లో ఆయన పరమపదించిరి. దానికి ముందటి సంవత్సరముననే తిరుమల తిరుపతి దేవస్థానములు అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించెను. నాటినుండి ఆ కీర్తనలు ఇంటింటికి చేరినవి.

ఒక్కసారి పెనుకొండవంక మరల చూతము. ఆనాటి సంకెల నేడెచ్చట నున్నదో ఎవ్వరెరుగరు. కొలువుకూటము మట్టిలో కలసెను. సాళువవంశము కొద్దికాలముననే అంతరించెను. ఆ సభలో వినిపించిన పదము మాత్రము ఉదయమున వంటయింట పనిచేసికొను ఇల్లాలి నోటను, తిరుమల మెట్లెక్కు యాత్రికుని నోటను నిలిచియున్నది. ఆమె రాగలక్షణమెరుగదు. ఉత్ప్రేక్షాలంకారమెరుగదు. అయినను పాడునప్పుడు ఆమెకు అమ్మవారి మోము కనబడును. అన్నమయ్యకు కనబడినదే ఆమెకును కనబడును.

కావున పూజలో కూర్చుండినప్పుడు మనసున ఒక రూపము మెదలినచో, ఒక మాట దానంత నదియే వచ్చినచో, ఇది ఊహ మాత్రమే కదా యని దానిని త్రోసిపుచ్చరాదు. శాస్త్రముతో సరిచూచుకొనవలెను, పెద్దల నడుగవలెను. అది ద్వారపాలకుని పని, ఆ పని జరుగవలసినదే. కాని వచ్చినవారెవరో తెలియకముందే తలుపు మూయరాదు. ఆ కొండమీద చెప్పులు విడిచి కన్నులెత్తిన బాలునకు రాయి దేవుడుగా కనబడెను. ఆ చూపును శ్రీ వేంకటేశ్వరుడు మనకందరకు అనుగ్రహించుగాక.